జీవ్స్ పి.

క్రికెట్ స్కోరర్లకి ఒక జబ్బు ఉంటుంది. మ్యాచ్ అయిపోయి, కుర్రాళ్ళు కిట్ బ్యాగులు డిక్కీల్లో పడేసుకుని ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయాక కూడా మేం ఆ మడతబల్ల దగ్గరే కూర్చుని ఉంటాం. బ్యాటర్ల పరుగులకి ఎక్స్‌ట్రాలు కలిపితే ఒక మొత్తం వస్తుంది. బౌలర్లు ఇచ్చిన పరుగులకి బైలు, లెగ్ బైలు (బ్యాటుకి తగలకుండా వచ్చిన పరుగులు) కలిపితే ఇంకో మొత్తం వస్తుంది. రెండూ ఒకటే కావాలి. ఒక్క పరుగు తేడా వచ్చినా ఆ రాత్రి నాకు అన్నం సయించదు. మా ఆవిడ మాత్రం "ఆ ఒక్కటీ నేనిస్తాను, తీసుకుని పడుకోండి" అంటుంది.

నేను బర్మింగ్‌హామ్‌లో ఒక ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తాను. ఆదివారాలు ఒక చిన్న క్లబ్బులో స్కోరు రాస్తాను. క్లబ్బులో సగం మంది తెలుగువాళ్ళు, పావు వంతు పంజాబీలు, మిగతావాళ్ళు ఇక్కడివాళ్ళు. ఒకప్పుడు నేనూ బౌలింగ్ వేసేవాణ్ణి. మోకాలు పోయాక చేతికి పెన్సిల్ ఇచ్చారు. మొదట్లో చిన్నతనంగా అనిపించింది గానీ, ఇప్పుడు ఎవరైనా మళ్ళీ ఆడమంటే ఆడను. ఎండలో పరిగెత్తేవాడికి బంతి ఒక్కటే కనిపిస్తుంది, బల్ల దగ్గర కూర్చున్నవాడికి ఆట మొత్తం కనిపిస్తుంది.

ఇలా స్కోరు పుస్తకాల పిచ్చి పట్టిన నాకు నాలుగేళ్ళ కిందట ఒక అంకె తగిలింది. 199.

పర్సీ జీవ్స్ అనే ఆయన వార్విక్‌షైర్ కౌంటీకి, అంటే మా బర్మింగ్‌హామ్ వైపు జిల్లా జట్టుకి, ఆడాడు. ఫస్ట్ క్లాస్ మ్యాచులు సరిగ్గా 50, వికెట్లు 199, వికెట్‌కి ఇచ్చిన పరుగుల సగటు 20.03. యాభై అన్న అంకె గుండ్రంగా కూర్చుంది. వికెట్ల దగ్గరికొచ్చేసరికి గుమ్మం బయట నిలబడిపోయినట్టు 199. 1912లో 3, 1913లో 106, 1914లో 90. నేను కలిపి చూసుకున్నాను. రెండోసారీ కలిపి చూసుకున్నాను. జబ్బని ముందే చెప్పాను కదా.

జీవ్స్ అనగానే మీలో కొందరికి వేరే ఎవరో గుర్తొచ్చి ఉంటారు. నాకూ అంతే. ఇంటర్ చదివే రోజుల్లో ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో, ఇంగ్లిష్ హాస్య రచయిత వుడ్‌హౌస్ రాసిన, అట్ట ఊడిన ఒక పుస్తకం కొన్నాను. బుర్ర తక్కువ దొరబాబు, వాణ్ణి ప్రతి చిక్కులోంచీ బయట పడేసే సేవకుడు. ఆ సేవకుడి పేరు జీవ్స్. తర్వాత కొన్నేళ్ళకి అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు వెలిగిపోతున్న కాలంలో, నెట్ సెంటర్‌లో గంటకి ఇంత అని కట్టి, ఒక తెర ముందు కూర్చుంటే అక్కడా అదే పేరు. ఆస్క్ జీవ్స్ అని ఒక సెర్చ్ సైట్ ఉండేది, గుర్తుందా? కోటు వేసుకుని, కొద్దిగా వంగి నిలబడ్డ బొమ్మ. అడగండి, చెబుతాను అన్నట్టు ఉండేవాడు. నేను అడిగినవన్నీ అమెరికా యూనివర్సిటీల ఫీజుల గురించే. పాపం, ఏ ప్రశ్నకీ పనికొచ్చే జవాబు ఇచ్చిన గుర్తు లేదు.

ఆ సేవకుడికీ ఆ బొమ్మకీ కూడా పేరు అరువిచ్చింది ఈ 199 వికెట్ల బౌలరే. ఇది ఊహ కాదు, వుడ్‌హౌస్ స్వయంగా ఒప్పుకున్న సంగతి. 1913 ఆగస్టులో ఆయన చెల్టెన్‌హామ్‌లో ఉన్న తల్లిదండ్రుల్ని చూడ్డానికి వెళ్ళి, అక్కడి కాలేజీ మైదానంలో గ్లోస్టర్‌షైర్ మీద వార్విక్‌షైర్ ఆడుతుంటే చూశాడు. ఆ బౌలరు, ఆ పేరు మనసులో ఉండిపోయాయి. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక న్యూయార్క్‌లో కూర్చుని కథ రాస్తూ సేవకుడికి పేరు వెతుక్కుంటుంటే అది తన్నుకుంటూ పైకొచ్చింది. యాభై ఏళ్ళు గడిచాక, 1967లో, రైడర్ అనే ఆయన ఉత్తరం రాసి అడిగితే, అవును నిజమే అని జవాబిచ్చాడు.

ఆ ఉత్తరం రాసినాయన తండ్రి కథలో ఇంకా పెద్ద మనిషి. ఆయన దగ్గరికే వస్తున్నా.

పర్సీ జీవ్స్ 1888 మార్చి 5న యార్క్‌షైర్‌లో, డ్యూస్‌బరీ పక్కన ఎర్ల్స్‌హీటన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రిది రైల్వే ఉద్యోగం. కుటుంబం గూల్ అనే రేవు పట్నానికి మారింది. అక్కడి క్లబ్బులో ఆడుతూ పెరిగాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. యార్క్‌షైర్ కౌంటీకి ఆ రోజుల్లో, ఆ తర్వాత కూడా ఎన్నో దశాబ్దాల పాటు, ఒక పట్టింపు ఉండేది. ఆ గడ్డ మీద పుట్టినవాడైతేనే జట్టులోకి రానిచ్చేవారు. మడి అంటే మడే. మన జీవ్స్ అక్కడే పుట్టాడు, పరీక్షకీ వెళ్ళాడు. చూసి, పంపించేశారు. మనూళ్ళో ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చిన కుర్రాళ్ళకి "మళ్ళీ కబురు చేస్తాం" అంటారే, అలాంటిదే అయి ఉంటుంది. పిలుపు రాలేదు.

బతుకుతెరువు కోసం హాస్ అనే ఊళ్ళో క్లబ్బుకి జీతానికి ఆడే ఆటగాడిగా కుదిరాడు. వెన్స్‌లీడేల్ లోయలో, గొర్రెలూ రాతి గోడలూ తప్ప ఇంకేం లేని చోటు. నేను వెళ్ళి చూశాను. ఊరు బాగుంది, జున్ను ఇంకా బాగుంది. కానీ ఒక కౌంటీ బౌలరు దొరికే చోటని మాత్రం అనిపించదు. 1910 వేసవిలో వార్విక్‌షైర్ క్లబ్ కార్యదర్శి ఆర్.వి. రైడర్ సెలవులకని ఆ లోయకి వెళ్ళాడు. సెలవులో ఉన్న క్రికెట్ కార్యదర్శి ఎక్కడికి వెళ్తాడు? ఊరి మైదానానికే. అక్కడ ఒక బక్కపలచని కుర్రాడు, ఇస్త్రీ నలగని తెల్లబట్టల్లో, ఏమాత్రం ఆయాసం లేకుండా వచ్చి బంతి వేసి వెళ్తున్నాడు. రైడర్ అక్కడికక్కడే బర్మింగ్‌హామ్‌కి రమ్మన్నాడు. యాభై ఏళ్ళ తర్వాత వుడ్‌హౌస్‌కి ఉత్తరం రాసింది ఈయన కొడుకే.

ఇదంతా చదువుతుంటే మా సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ గుర్తొచ్చింది. ఆదివారం పొద్దున అక్కడ ఒకదాని మీద ఒకటి పది మ్యాచులు జరిగేవి. మా జట్టు మిడాన్‌లో నిలబడ్డవాడు పక్క మ్యాచ్‌కి థర్డ్‌మ్యాన్. ఎవరి బంతి ఎవరు పట్టుకున్నారో చూడ్డానికి ఇంకో పంచాయితీ. అంతమందిలో ఏ కార్యదర్శి సెలవుకొచ్చి ఎవణ్ణి చూస్తాడు? చూడ్డానికి అసలు ఖాళీ జాగా ఎక్కడ?

సరే. కౌంటీ మారాలంటే అప్పట్లో రెండేళ్ళు ఆ కౌంటీలో కాపురం ఉండాలి. అప్పటిదాకా కౌంటీల మధ్య జరిగే ఛాంపియన్‌షిప్ మ్యాచులు ఆడకూడదు. మనకి లోకల్, నాన్‌లోకల్ గొడవ బాగా తెలిసిందే కాబట్టి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ గడువు నడుస్తుండగా 1912లో పర్యటనకి వచ్చిన ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా జట్ల మీద చెరొక మ్యాచ్ ఆడనిచ్చారు. ఆ మూడు వికెట్లూ అప్పటివే. 1913లో గడువు తీరి, మొదటి పూర్తి సీజన్‌లోనే 106 వికెట్లు తీసి, ఏడొందలకి పైగా పరుగులు చేశాడు. మొత్తం కెరీర్‌లో అత్యధిక స్కోరు 86 నాటౌట్. ఎవరి మీదో చెప్పుకోండి. యార్క్‌షైర్ మీద! ఇలాంటివి కథలో రాస్తే సంపాదకులు నమ్మశక్యంగా లేదని తిప్పి పంపిస్తారు.

ఇక్కడ నా స్కోరర్ బుద్ధికి బాగా పట్టుకున్న విషయం ఒకటుంది. ఇంగ్లండ్ క్రికెట్‌లో అప్పుడు రెండు కులాలు. డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్ళు జెంటిల్‌మెన్, జీతానికి ఆడేవాళ్ళు ప్లేయర్స్. చాలా మైదానాల్లో డ్రెస్సింగ్ రూములు వేరు, లోపలికి వెళ్ళే గేటు వేరు. కెప్టెన్ దాదాపు ఎప్పుడూ జెంటిల్‌మన్ అయి ఉండాలి. జీతగాడికి మ్యాచ్ లెక్కన డబ్బు, చలికాలం వస్తే వేరే పని వెతుక్కోవాలి. నన్ను కుదిపింది ఇవేవీ కాదు, స్కోరు కార్డు. జెంటిల్‌మన్ పేరు రాసేటప్పుడు ఇనీషియల్స్ ముందు వేసేవారు: ఎఫ్.ఆర్. ఫాస్టర్. జీతగాడికి వెనక వేసేవారు: జీవ్స్ పి. కొన్ని చోట్ల అసలు వేసేవారే కాదు, ఒట్టి జీవ్స్. కార్డు కొన్న ప్రతివాడికీ ఒక్క చుక్కతో, ఒక్క అక్షరంతో ఎవరు ఎవరో తెలిసిపోయేది.

ఈ పట్టింపు ఎంతదాకా వెళ్ళిందో చెబుతాను. 1950లో లార్డ్స్‌లో ఫ్రెడ్ టిట్మస్ అనే కుర్రాడు, జీతగాడు, బ్యాటింగ్‌కి దిగుతుంటే మైకులో ప్రకటన వచ్చిందట. కార్డులో ఎఫ్.జె. టిట్మస్ అని పడింది, దయచేసి దాన్ని టిట్మస్ ఎఫ్.జె. అని సరిచేసుకోండి అని. ఆట ఆపి మరీ కాకపోయినా, ఊరంతా వినేలా. 1962లో గానీ ఈ జెంటిల్‌మెన్, ప్లేయర్స్ తేడాని ఎత్తెయ్యలేదు.

తెలుగువాళ్ళం ఇది చదివితే నవ్వొస్తుంది, ఎందుకంటే మన ఇనీషియల్ వేరే దారి. మనకి ముందుండేది ఇంటిపేరు. ఇక్కడికొచ్చాక ఫారం నింపేటప్పుడు అది అటూ ఇటూ అయ్యి, నా జీతం చీటీ మీద తొమ్మిది నెలలు మా ఇంటిపేరుతో "డియర్" అని పిలిచారు. మా క్లబ్బులో కొత్తగా చేరిన కుర్రాళ్ళ పేర్లు పుస్తకంలో రాయడానికి ఇప్పటికీ ముందో వెనకో అని అడుగుతాను. వాళ్ళు ఏదోటి రాసెయ్యండంకుల్ అంటారు. నేను రాయను. అడిగే రాస్తాను.

పైన పేరు చెప్పిన ఫ్రాంక్ ఫాస్టర్ అప్పటి వార్విక్‌షైర్ కెప్టెన్. ఇరవై రెండేళ్ళకే, 1911లో, జట్టుకి మొదటి ఛాంపియన్‌షిప్ తెచ్చిపెట్టినవాడు. 1914 జూన్‌లో డడ్లీలో వూస్టర్‌షైర్ మీద 305 నాటౌట్ కొట్టాడు. వికెట్ల వెనక టైగర్ స్మిత్, ఇంగ్లండ్ కీపర్. ఇంత హంగు మధ్య జీవ్స్ మీడియం పేస్ వేసేవాడు. చివర్లో కాస్త వేగం అందుకునే బంతి. ఆ ఏడాది జులైలో ఓవల్ మైదానంలో జెంటిల్‌మెన్ మీద ఆడటానికి ప్లేయర్స్ జట్టులోకి పిలుపొచ్చింది. ఇంగ్లండ్ జట్టుకి అది వాకిలి లాంటిది. రెండో ఇన్నింగ్స్‌లో 15 ఓవర్లలో 44 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ ప్లమ్ వార్నర్ చూసి, త్వరలో ఈ కుర్రాడు ఇంగ్లండ్‌కి ఆడతాడని జోస్యం చెప్పాడు.

నెల తిరక్కుండా యుద్ధం వచ్చింది.

వచ్చిన వెంటనే ఆట ఆగలేదు. ఆగస్టు అంతా కౌంటీ మ్యాచులు నడుస్తూనే ఉన్నాయి. నెలాఖరున ఇంగ్లండ్ క్రికెట్ దిగ్గజం, ముసలి డబ్ల్యు.జి. గ్రేస్ పత్రికకి ఉత్తరం రాశాడు, ఇది ఆటలకి సమయం కాదు, వయసు కుర్రాళ్ళు సైన్యంలో చేరండి అని. 2021 ఏప్రిల్, మే నెలలు గుర్తొస్తాయి నాకు. మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి అప్పుడు ఇదే వార్విక్‌షైర్‌కి ఆడటానికి వచ్చాడు. మూడు మ్యాచులు, అంతే. మొదటి ఇన్నింగ్స్‌లో స్టువర్ట్ బ్రాడ్ బౌలింగ్‌లో డకౌట్. కోవిడ్ ఆంక్షల వల్ల మేమెవరం గ్రౌండ్‌కి వెళ్ళి చూడలేకపోయాం, ఇంట్లో తెర మీదే చూశాం. పొద్దున ఫోను తెరిస్తే ఇంటి దగ్గర ఆక్సిజన్ దొరకట్లేదన్న మెసేజీలు, పదకొండింటికి తెర మీద తెల్లబట్టల్లో క్రికెట్. ఆట అయ్యాక అతను ఇక్కణ్ణుంచే ఫోను పట్టుకుని, తెలియనివాళ్ళకి బెడ్లూ సిలిండర్లూ కుదర్చడానికి వలంటీర్లని నడిపించాడు. ఆ పరుగులేవీ నాకు గుర్తులేవు గానీ ఆ పని గుర్తుంది. స్కోరర్ అనవలసిన మాట కాదు, తెలుసు.

జీవ్స్ రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్ 15వ బెటాలియన్‌లో మామూలు సిపాయిగా చేరాడు. బర్మింగ్‌హామ్ పాల్స్ అనేవారు వాళ్ళని. ఒకే ఊరివాళ్ళు, ఒకే ఆఫీసువాళ్ళు కలిసి చేరి కలిసి వెళ్ళేలా కట్టిన దళాలు. అలా మూడు బెటాలియన్లు లేచాయి ఈ ఊళ్ళోంచి. కలిసి చేరడంలో ఉన్న ఇబ్బంది ఏమిటో అప్పటికి ఎవరికీ తట్టలేదు. మొదటి శిక్షణ సట్టన్ కోల్డ్‌ఫీల్డ్‌లో. మా ఇంటికి ఇరవై నిమిషాల దూరం, మా అమ్మాయికి సైకిల్ నేర్పింది అక్కడి పార్కులోనే.

1915 సెప్టెంబరులో అమెరికాలో ఒక వారపత్రికలో వుడ్‌హౌస్ కథ పడింది. అందులో జీవ్స్ అనే సేవకుడు మొదటిసారి గుమ్మంలో కనిపిస్తాడు, ఒకటి రెండు మాటలు మాట్లాడతాడు, అంతే. అదే ఏడాది నవంబరులో అసలు జీవ్స్ ఓడెక్కి ఫ్రాన్స్ వెళ్ళాడు. ఇక్కడ ఒకమ్మాయి ఉండిపోయింది. వార్విక్‌షైర్ స్కోరర్ చెల్లెలు. ఆ స్కోరరే కదా ఆ వికెట్లన్నీ పుస్తకంలో రాసింది! బావమరిది కాబోయేవాడు బావ కాబోయేవాడి వికెట్లు రాసుకోవడం అనే ముచ్చట నాకు ఎందుకో చాలా ఇష్టం.

1916 జులై 22న, ఫ్రాన్స్‌లో సోమ్ అనే చోట జరిగిన యుద్ధంలో, హై వుడ్ అనే అడవి దగ్గర జరిగిన దాడిలో పర్సీ జీవ్స్ చనిపోయాడు. 28 ఏళ్ళు. శవం దొరకలేదు.

పోయిన ఏడాది స్కూళ్ళకి సెలవులిచ్చిన మొదటి వారం కారు వేసుకుని వెళ్ళాం. నేను, మా ఆవిడ, అమ్మాయి. ఫోక్‌స్టన్‌లో రైలెక్కించి, కలేలో దించి, ఎడమ చేతి స్టీరింగుల మధ్య కుడి చేతి స్టీరింగుతో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని. పులిహోర, దద్దోజనం, ఆవకాయ అన్నీ డబ్బాల్లో. అమ్మాయి ప్యారిస్ అని ఆశపడింది. బౌలర్ సమాధి కూడా లేని చోటికి వెళ్తున్నామని తెలిసి, వచ్చేటప్పుడు డిస్నీలాండ్ అని రాయించుకుంది నా చేత. స్కోరు పుస్తకంలోనే రాయించుకుంది.

బయల్దేరే ముందు హై వుడ్ గురించి చదువుతుంటే ఒక పేరు కనిపించి పేజీ వదిలేసి లేచి నిలబడ్డాను. సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్!

జీవ్స్ చనిపోవడానికి ఎనిమిది రోజుల ముందు, జులై 14 సాయంత్రం, అదే అడవి పక్కన, కోతకొచ్చిన పంట చేలల్లోంచి గుర్రాల మీద బల్లేలు పట్టుకుని దూకినవి ఆ బ్రిగేడ్‌లోని రెండు దళాలు. ఒకటి ఇంగ్లిష్ దళం, 7వ డ్రాగూన్ గార్డ్స్. రెండోది 20వ డెక్కన్ హార్స్. నిజాం రాజ్యంలో పుట్టి, హైదరాబాద్ కంటింజెంట్ నుంచి వచ్చిన అశ్వదళం. మరఫిరంగులున్న యుద్ధంలో బల్లేలు. ఎదురైన జర్మన్లలో కొందరిని పొడిచారు, కొందరిని పట్టుకున్నారు. ఆ రాత్రి అక్కడే గీత పట్టుకుని నిలబడి, తెల్లారకముందే వెనక్కి పిలిస్తే వచ్చేశారు. అడవి మాత్రం చేతికి రాలేదు. దాని కోసం ఇంకో రెండు నెలలు, సెప్టెంబరు 15 దాకా, వేలమంది చచ్చిపోయారు. ఆ వేలల్లో ఒకడు జీవ్స్.

వాళ్ళు మనవాళ్ళని గొప్పలు చెప్పుకోవడానికి లేదు. ఆ దళంలో ఉన్నది సిక్కులు, జాట్లు, దక్కనీ ముస్లింలు. తెలుగు వినిపించి ఉండదు. కానీ సికింద్రాబాద్ అన్నది నా స్కూలు ఐడీ కార్డు మీద ఉన్న పేరు, మా నాన్న పెన్షన్ పుస్తకం మీద ఉన్న పేరు. పరేడ్ గ్రౌండ్స్‌లో నేను రన్నప్ కొలుచుకున్న మట్టి మీద ఒకప్పుడు గుర్రపు దళాలే కవాతు చేశాయి. బర్మింగ్‌హామ్ బౌలర్ కోసం వెతుక్కుంటూ ఫ్రాన్స్ దాకా వెళ్తే, అక్కడ మా ఊరు నాకన్నా ముందొచ్చి కూర్చుంది.

హై వుడ్‌కి మ్యాప్‌లో ఫ్రెంచి పేరు వేరే ఉంది. చిన్న అడవి. ఓవల్ లాంటి మైదానాలు పక్కపక్కన కొన్ని పేర్చితే అంత ఉంటుందేమో. ఎవరి సొంతమో, లోపలికి వెళ్ళనివ్వరు. వెళ్ళబుద్ధీ కాదు, లోపల ఇంకా వెలికి తియ్యని మనుషులున్నారు. చుట్టూ గోధుమ చేలు, సగం కోసేశారు. రోడ్డుకి ఇవతల లండన్ సెమెటరీ. అక్కడ మొదటి యుద్ధంలో పోయినవాళ్ళలో మూడు వేల మందికి పైగా పేరు తెలియనివాళ్ళే. రాతి మీద పేరుండాల్సిన చోట దేవుడికి తెలుసు అన్న అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. మా ఆవిడ వరసల మధ్య నడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేసింది.

అడవి మూల మీద నిలబడి మా అమ్మాయికి గుర్రాలు ఎటు నుంచి వచ్చాయో చూపించాను. యుద్ధంలో ట్యాంకులు మొదటిసారి దిగిన సెప్టెంబరు 15న కొన్ని ఈ అడవిలోకీ వచ్చాయని, ఆ డెక్కన్ హార్స్ ఇప్పటికీ భారత సైన్యంలో ఉందని, ఇప్పుడది ట్యాంకుల రెజిమెంటని చెప్పాను. 1965లో అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకుల్ని నిలువరించిన వాటిలో అదీ ఒకటి. "అయితే పేరులో హార్స్ ఎందుకు?" అంది. మీ నాన్న పేరులో ఇంటిపేరు ముందెందుకుందో అందుకే అన్నాను. పెద్దగా అతకలేదు.

అక్కణ్ణుంచి తీప్‌వాల్ స్మారకానికి. దూరం నుంచే కనిపిస్తుంది, ఇటుకతో కట్టిన కొండలాంటి కమాను. ల్యుటెన్స్ గీసింది, మన ఢిల్లీలో ఇండియా గేట్ గీసినాయనే. సోమ్‌లో చనిపోయి సమాధి దొరకని 72 వేల మందికి పైగా పేర్లు దాని స్తంభాల మీద చెక్కారు. ఏ రెజిమెంటు ఏ స్తంభం మీదో చెప్పే పట్టిక ఉంటుంది. రాయల్ వార్విక్‌షైర్‌కి 9ఎ, 9బి, 10బి. మా దగ్గర స్కోరింగ్‌కి వాడే బైనాక్యులర్ ఉంది. మెడ నొప్పెట్టేదాకా వెతికాం. అమ్మాయే పట్టుకుంది.

"నాన్నా, ఇదిగో. జీవ్స్ పి."

హోదాల వారీగా వరసలు వేశారు గానీ పేరు రాసే పద్ధతి మాత్రం అందరికీ ఒక్కటే. పైన ఉన్న కెప్టెన్లకీ లెఫ్టినెంట్లకీ కూడా ఇంటిపేరు ముందు, అక్షరాలు వెనక. వాళ్ళల్లో ఎంతమంది బతికుండగా స్కోరు కార్డు మీద ఇనీషియల్స్ ముందు వేయించుకున్నవాళ్ళో. నేను బైనాక్యులర్ ఆ వరసలన్నిటి మీదా తిప్పి చూశాను. మా ఆవిడ కింద మెట్ల మీద కూర్చుని పులిహోర డబ్బా తీసింది.

డెక్కన్ హార్స్‌వాళ్ళ పేర్లు అక్కడ ఉండవు. ఫ్రాన్స్‌లో సమాధి దొరకని మన దేశపు సైనికులకి న్యూవ్ షపెల్‌లో వేరే కట్టడం ఉంది. తిరుగు దారికి మరీ దూరం కాదు. కానీ డిస్నీలాండ్ అటు వైపు కాదు, నా సంతకం స్కోరు పుస్తకంలో ఉంది. వచ్చే ఏడు వెళ్ళాలి.

ఇంటికొచ్చిన రాత్రి నాన్నకి ఫోను చేశాను. ఎనభై రెండేళ్ళు. తిరుమలగిరిలోనే ఉంటారు. మిలటరీ అకౌంట్స్‌లో గుమాస్తాగా చేసి దిగారు, కాబట్టి అంకెలంటే ఆయనకీ అదే జబ్బు. మొత్తం కథ చెప్పాను. హాస్ ఊరు, రైడర్ గారు, ఓవల్‌లో నాలుగు వికెట్లు, అడవి, సికింద్రాబాద్ బ్రిగేడ్. అడ్డు రాకుండా విన్నారు.

"ఎన్ని వికెట్లన్నావు?"

"నూట తొంభై తొమ్మిది నాన్నా."

"సరిగ్గా కూడావా?"

"రెండుసార్లు."

కాసేపు ఏమీ అనలేదు. వెనకాల ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది.

"ఆ గుర్రాలు వెనక్కొచ్చాయట్రా?"

"కొన్ని వచ్చాయి నాన్నా."